ఆడిట్ అను మాట

ఎనిమిదవ తరగతి విద్యార్థులు నలుబదిమంది కార్తికమాసమున వనభోజనమునకు పోవ నిశ్చయించుకొనిరనుకొనుడు. ఒక్కొక్కరు 50 రూపాయల చొప్పున తరగతి నాయకునికిచ్చిరి. మొత్తము 2,000 రూపాయలు. మరునాడు నాయకుడు తరగతి యెదుట నిలిచి, బియ్యమున కింత, కూరగాయల కింత, పాత్రల అద్దె కింత అని పద్దులు చదివెను. ఖర్చు 1,860 రూపాయలు. నిల్వ 140 రూపాయలు. అందరును శ్రద్ధగా వినిరి. ఒక బాలిక లేచి, "పాత్రల అద్దెకు రసీదు పుచ్చుకొంటివా?" అని అడిగెను. నాయకుడు రసీదు చూపెను. నిల్వ సొమ్ము బల్లపై నుంచెను.

ఆ బాలిక నాయకుని అవమానించినదా? లేదు. ఆమె అడుగుటచేతనే అతని నిజాయితీ అందరికిని వెల్లడియైనది. ఆ తరగతి చేసిన పనినే ఇంగ్లీషున 'ఆడిట్' అందురు.

బ్యాంకులలోను, సహకార సంఘములలోను, కార్యాలయములలోను ఈ మాట తరచుగా వినవచ్చును. ఇంగ్లీషున ఇది నామవాచకముగను, క్రియగను కూడ చెల్లును. మనము దానికి తెలుగు క్రియను చేర్చి 'ఆడిట్ చేయుట' అనుచున్నాము. 'లెక్కల తనిఖీ' అనియు వ్యవహరించుచున్నాము. లెక్క వ్రాయుట వేరు, ఆడిట్ చేయుట వేరు. వ్రాసినవాడు తన లెక్కను తానే ఆడిట్ చేసికొనరాదు. ఆడిటరు వేరొకడుగా నుండి, పద్దులను రసీదులతో సరిచూచును. పుస్తకములోని నిల్వ పెట్టెలోని రొక్కముతో సరిపోవునో లేదో పరిశీలించును.

ఈ మాట పుట్టుక వింతయైనది. లాటిన్ భాషలో 'ఆడీరె' అనగా వినుట. సభామందిరమును తెలుపు 'ఆడిటోరియము', ధ్వనికి సంబంధించిన 'ఆడియో' అను మాటలును ఈ ధాతువునుండి పుట్టినవే. కంటితో చూడవలసిన లెక్కలకు చెవికి సంబంధించిన పేరేల వచ్చినది?

మధ్యయుగములందు ఇంగ్లండులో ప్రభువుల భూములను అధికారులు కొందరు చూచుచుండిరి. ఎంత ధాన్యము పండినది, ఎంత అమ్ముడుపోయినది, ఎన్ని పశువులు మిగిలినవి అను లెక్కను వారు ఏటేట ఒప్పగింపవలసి యుండెను. చదువను వ్రాయను నేర్చినవారు ఆ కాలమున మిక్కిలి తక్కువ. కావున లెక్కను నోట చెప్పుటయు, చదివి వినిపించుటయు ఆచారమయ్యెను. దానిని విని, సందేహము తోచినచోట ప్రశ్నించువాడే ఆడిటరు; అనగా వినువాడు. 14వ శతాబ్దమునకు చెందిన ఇంగ్లీషు కవి చాసరు తన 'కాంటర్బరీ కథల'లో ఏ ఆడిటరుకును చిక్కని నేర్పరియైన ఒక భూముల అధికారిని చిత్రించెను. 15వ శతాబ్దమునాటికి 'ఆడిట్' అను క్రియ వాడుకలోనికి వచ్చెను.

కాలక్రమమున చదువు వ్యాపించెను. వినుటకు మారుగా చూచుట వచ్చెను. పేరు మాత్రము మారలేదు. అనేకుల సొమ్ముతో నడచు కంపెనీలు ఆడిటర్లను నియమించుకొనవలెనని ఇంగ్లండులో 1844వ సంవత్సరపు చట్టము విధించెను. 1896లో ఒక నూలుమిల్లు వ్యాజ్యమున అచటి న్యాయమూర్తి, ఆడిటరు కావలికుక్క వంటివాడే గాని వేటకుక్క వంటివాడు కాడని తీర్పులో వివరించెను. అనగా అతడు మెలకువతో నుండవలెను గాని, అందరును దొంగలేయను తలంపుతో పని మొదలిడరాదు.

మన రాజ్యాంగము 148వ అధికరణము క్రింద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అను పదవి నేర్పరచినది. కేంద్ర ప్రభుత్వపు లెక్కలపై ఆయన నివేదిక రాష్ట్రపతి ద్వారా పార్లమెంటు ముందునకును, రాష్ట్రపు లెక్కలపై నివేదిక గవర్నరు ద్వారా శాసనసభ ముందునకును వచ్చును. ప్రజల సొమ్మునకు లెక్క ప్రజాప్రతినిధుల కందుటయే దీని యాంతర్యము.

అయితే సొమ్ము ఎవరి కొరకు వెచ్చింపబడినదో ఆ పల్లెవాసులు స్వయముగా లెక్క వినవలదా? 1994 డిసెంబరులో రాజస్థానమందలి పాలీ జిల్లా కోట్ కిరాణా గ్రామమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు ఒక సభ జరిపి, గ్రామమున జరిగిన పనుల లెక్కలను ప్రజల యెదుట బిగ్గరగా చదివించిరి. ఇట్టి సభకు 'జన్ సున్‌వాయీ' అని పేరు. ప్రజలు వినుట యని దాని భావము. అక్షరములు రానివారు సైతము తమ పేర కూలి వ్రాయబడినదో లేదో చెవులార విని, నిజము చెప్పగలిగిరి. 2005వ సంవత్సరపు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము, గ్రామసభ ఇట్టి సోషల్ ఆడిట్ జరుపవలెనని విధించెను. మరుసటి సంవత్సరమున ఆంధ్రప్రదేశములో ఈ పని ఆరంభమయ్యెను. శిక్షణ పొందిన గ్రామ యువకులు ఇంటింటికిని పోయి, మస్టరు రోలులోని పేర్లను కూలీలు చెప్పిన మాటలతో సరిచూచి, ఫలితములను సభలో చదివి వినిపించిరి. శతాబ్దములకు పూర్వము చెవితో మొదలైన మాట ఈ విధముగా మరల చెవిని చేరినది.

విద్యార్థులారా! రేపు మీ చేతికి నలుగురి సొమ్ము రావచ్చును. అప్పుడు లెక్క చెప్పుటకు వెనుకాడకుడు. ఇతరులు చెప్పునపుడు మీరు వినుడు. సందేహము తోచిన మర్యాదగా అడుగుడు. వినువారు లేనిచోట నిజాయితీపరునికిని నింద తప్పదు. అడుగువారున్నచోట మోసగానికి తావు దొరకదు.