భీముడి దెబ్బ తప్పుతుందా?

నిజామాబాదు జిల్లాలో వర్నికి దగ్గరగా బోధన్ ఉన్నది. అదే భారతంలోని ఏకచక్రపురమనీ, భీముడు బకాసురుణ్ణి చంపినది అక్కడేననీ ఆ ప్రాంతంవారు చెప్పుకుంటారు.

వర్ని పిల్లలు ఇద్దరు ఆ యుద్ధాన్ని ఆటగా ఆడుతున్నారనుకోండి. "నా దెబ్బ తగిలింది!" అంటాడు భీముడు. "తగల్లేదు, తప్పించుకున్నాను!" అంటాడు బకాసురుడు. ఇంకేముంది? ఆట ఆగి, నిజమైన దెబ్బలాట మొదలవుతుంది. ఈ తగవు తీర్చేదెట్లా?

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట తయారుచేశారు. అందులో ఆడేవాళ్ళు తలా ఒక వీరుడై, కథ నడుపుతారు. తగవు వచ్చినచోట పాచిక వేస్తారు.

మన అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. గవ్వలకు పహిల్వానూ పసివాడూ ఒకటే. కాని యుద్ధంలో భీముడూ, ప్రగల్భాల ఉత్తరకుమారుడూ ఒకటెట్లా అవుతారు? అందుకే ఈ ఆటలో పాచికకు వీరుడి బలం కూడా కలుపుతారు.

ప్రతి వీరుడి బలానికీ ఒక అంకె ఉంటుంది. 2000 సంవత్సరపు కూర్పు నుంచి లెక్క ఇట్లా ఉన్నది: బలంలోనుంచి 10 తీసివేసి, మిగిలినది సగం చేయాలి. అర వస్తే కింది అంకె తీసుకోవాలి. దీన్ని సవరణ అందాం. భీముడి బలం 18 అయితే, సవరణ 4. ఉత్తరుడి బలం 10 అయితే, సవరణ సున్న. బలం 8 ఉన్నవాడికి 1 తగ్గుతుంది.

బకాసురుడి రక్షణ సంఖ్య 15 అనుకుందాం. 20 ముఖాల పాచిక వేసి, సవరణ కలిపితే 15 గాని అంతకు మించి గాని రావాలి. ఉత్తరుడికి 15 నుంచి 20 వరకు 6 ముఖాలే పనికివస్తాయి. అంటే నూటికి 30 వంతులు. భీముడికి పాచికపై 11 పడితే చాలు. అతనికి 10 ముఖాలు. నూటికి 50 వంతులు. సవరణలో ఒక్కొక్క అంకె ఒక్కొక్క ముఖాన్ని సంపాదించి పెట్టింది!

అయినా భీముడి దెబ్బలు సగం తప్పుతాయి, చూశారా? బలం అదృష్టాన్ని తుడిచివేయదు, తనవైపు కొంచెం వంచుతుంది, అంతే. పైగా 20 పడితే ఎవరి దెబ్బ అయినా తగులుతుంది. 1 పడితే ఎంతటివాడిదైనా తప్పుతుంది.

భీముడికి వరసగా నాలుగు దెబ్బలు తప్పాయి. అయిదోది తగిలి తీరుతుందా? లేదు! పాచికకు జ్ఞాపకం లేదు. అయిదోసారీ అవే 10 ముఖాలు.

20 ముఖాల పాచిక లేకపోతే, 1 నుంచి 20 వరకు చీటీలు రాసి డబ్బాలో వేయండి. తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేసి, బాగా కలపాలి. లేకపోతే లెక్క మారిపోతుంది.

ఇక ఈ ప్రశ్న చూడండి: రక్షణ సంఖ్య 17 అయితే, భీముడి దెబ్బ నూటికి ఎన్నిసార్లు తగలాలి? ముందు కాగితంమీద లెక్క కట్టండి. తరవాత 100 సార్లు చీటీ తీసి చూడండి. సరిగ్గా అంతే రాకపోవచ్చు. ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి.