దొరల రోడ్డు మీద తిరుగుబాటు

నర్సీపట్నంలో బస్సెక్కి చింతపల్లి వైపు బయల్దేరితే కాసేపటికే మెలికలు మొదలవుతాయి. లంబసింగికి చేరేసరికి చలి చెవులు పట్టుకుంటుంది. శీతాకాలం ఆదివారాల్లో మంచు చూడ్డానికి తెల్లారకముందే కార్లు బారులు తీరతాయి. అక్కడ దిగి ఫొటోలు తీసుకునేవారిలో ఈ దారికి రాళ్లు మోసిందెవరని అడిగేవారు తక్కువే.

మోసింది కొండవాళ్లు. మోయించింది బాస్టియన్ అనే గూడెం డిప్యూటీ తహసీల్దారు. వందేళ్ల కిందట నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయాలనుకుంది బ్రిటిష్ సర్కారు. మనుషుల్ని బలవంతంగా పనిలోకి దించారు. కూలి సరిగా ఇవ్వలేదు, ఎదురు తిరిగినవాళ్లను కొట్టారు. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డం పడింది. పోడంటే ఏమిటో కామారెడ్డి జిల్లా మాచారెడ్డి వైపు అడవి అంచు తండాల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా తాత దున్నిన చెలక ఇవాళ ఫారెస్టుదంటే కడుపు ఎలా మండుతుందో వాళ్లకు తెలుసు. ఈ కొండల మన్యంలో మండింది కూడా అలాగే.

ఆ మంటకు దారి చూపినవాడు బయటి నుంచి వచ్చాడు. 1897 జూలై 4న పాండ్రంగిలో పుట్టిన అల్లూరి సీతారామరాజు, కృష్ణదేవిపేటలో సన్యాసిలా ఉంటూ కల్లు, సారా మానమనీ, తగవులు కోర్టులకెక్కించక పంచాయతీల్లోనే తేల్చుకోమనీ చెప్పేవాడు. సహాయ నిరాకరణ రోజుల్లో ఊరూరా వినిపించిన మాటలే ఇవి. కానీ వినేవాళ్లకు స్వరాజ్యం కంటే ముందు బాస్టియన్ కనిపించాడు. బట్టిపనుకుల మునసబు పని పోగొట్టుకున్న గాం గంతం దొర, అతని తమ్ముడు మల్లుదొర రాజు వెంట నిలిచింది అందుకే. రాజు గురించి మనం తీసిన సినిమాలు, కట్టిన పాటలు ఈ కూలి లెక్కను ఎక్కువగా పక్కన పెట్టేశాయి.

1922 ఆగస్టు 22. చింతపల్లి ఠాణా మీద మన్యం వీరులు విరుచుకుపడ్డారు. దాదాపు మూడు వందల మంది అంటారు. తుపాకులు, తూటాలు, కత్తులు తీసుకున్నారు. రాజు ఊరికే వెళ్లిపోలేదు. పట్టుకెళ్తున్న ఆయుధాల లెక్కంతా ఠాణా పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టాడు! దోపిడీ కాదిది, జప్తు అని చెప్పడమన్నమాట. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. అక్కడ బందీగా ఉన్న మన్యం నాయకుడు వీరయ్య దొరను విడిపించారు. మూడు రోజుల్లో మూడు ఠాణాలు ఖాళీ.

సర్కారు పరువు పోయింది. కొండల్లోకి పటాలాలు కదిలాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు తమ బలగంతో ఇరుకుదారిలో వస్తుంటే పైన తిరుగుబాటుదారులు కాచుకుని ఉన్నారు. ముందు నడిచిన మనవాళ్లను పోనిచ్చి, వెనక వచ్చిన ఆ ఇద్దరినీ కాల్చేశారు. నల్లవాడి మీద తూటా వద్దన్నది రాజు పెట్టుకున్న కట్టుబాటు. యుద్ధంలో ఇంత ఆచితూచి కాల్చడం సాధ్యమా అనిపిస్తుంది గానీ, ఆ ఘాట్‌లో జరిగింది అదే.

ఆ తర్వాత మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చింది. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర రాజు మనుషులు కొందరు నేలకొరిగారు. పోరు రెండేళ్ల దాకా సాగింది. తిరుగుబాటుదారులకు బియ్యం పెట్టినా, దారి చెప్పినా పోలీసులు ఊళ్ల మీద పడ్డారు. 1924లో రూథర్‌ఫర్డ్ అనే అధికారిని ప్రత్యేక కమిషనర్‌గా పంపారు. ఆ ఏడాది మే 7న పట్టుబడ్డ రాజును కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చేశారు. విచారణ లేదు, తీర్పు లేదు. దేహాన్ని కృష్ణదేవిపేటకు తెచ్చి దహనం చేశారు. దాడుల రెండో రోజున ఆయన ఠాణా ఖాళీ చేసిన ఊరే అది. నెల తిరక్కుండానో, తిరిగాకనో గంతం దొర కూడా తూటాకు బలయ్యాడు.

హింసామార్గం ఒప్పని గాంధీజీ సైతం 1929లో 'యంగ్ ఇండియా'లో రాజు ధైర్యాన్ని, త్యాగాన్ని మెచ్చుకుంటూ రాశారు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు రాజు పేరే పెట్టారు. చింతపల్లి ఆ జిల్లాలోనిదే. ఇప్పుడక్కడ కాఫీ, మిరియాలు పండుతాయి, వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది.

ఇక మల్లుదొర. పట్టుబడి, శిక్షపడి, అండమాన్ వెళ్లొచ్చాడు. 1952లో దేశానికి మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. విశాఖపట్నం ద్విసభ్య స్థానం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి గెలిచాడు. కొండదారుల్లో సర్కారుకు చిక్కకుండా తిరిగిన మనిషి ఢిల్లీ వెళ్లి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు.