ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత?

నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే లగ్జరీ సెడాన్ కొత్తదైతే మోయలేనంత ఖరీదు, పాతబడితే మామూలు కారు ధరకే వస్తుంది. ఆడి ఎ6, బీఎండబ్ల్యూ 5 సిరీస్, మెర్సిడెస్ ఈ-క్లాస్‌ల ఆల్ వీల్ డ్రైవ్ రకాలు జర్మనీలోనూ, మంచు కురిసే అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో విరివిగా దొరుకుతాయి. అయితే పడిపోయేది కారు ధర ఒక్కటే. విడిభాగాల ధర, మెకానిక్ కూలి కొత్త కారుకు ఎంతో పాతదానికీ అంతే. వీటిలో అన్నిటికంటే ఖరీదైన మరమ్మతులు కొన్ని ముందు, వెనక యాక్సిళ్ల మధ్య టార్క్‌ను, అంటే షాఫ్ట్‌ను తిప్పే బలాన్ని, పంచే భాగం దగ్గరే వస్తాయి. ఆ పంపకాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో తీరున చేసింది. ఏ తీరుదో తెలిస్తే ఆ కారు ఎలా నడుస్తుందో, ఎలా పాతబడుతుందో, కొనేముందు దేన్ని పరీక్షించాలో తెలిసిపోతుంది.

పంపకం ఎందుకు అవసరమంటే, మలుపు తిరిగేటప్పుడు కారు నాలుగు చక్రాలూ నాలుగు వేర్వేరు వృత్తాల మీద నడుస్తాయి. బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. ముందు యాక్సిల్ వెనక యాక్సిల్ కంటే ఎక్కువ దూరం పోవాలి. ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాల మధ్య ఈ తేడాను సర్దడానికి ఫ్రాన్స్‌కు చెందిన ఒనేసిఫోర్ పెకర్ 1820ల చివర్లో తన ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌ను రూపొందించాడు. అది రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది, టార్క్‌ను మాత్రం రెండింటికీ సమానంగా ఇస్తుంది. దాని బలహీనత కూడా ఆ సమానత్వంలోనే ఉంది. ఒక చక్రం మంచు గడ్డ మీద ఉండి 100 న్యూటన్ మీటర్లకు మించి పట్టు దొరకకపోతే, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ 100 మాత్రమే అందుతాయి. మంచు మీది చక్రం గిర్రున తిరుగుతుంది, కారు అక్కడే ఉంటుంది.

నాలుగు చక్రాలకూ శక్తి అందే బండికి ఇలాంటి డిఫరెన్షియళ్లు మూడు కావాలి: ముందొకటి, వెనకొకటి, రెంటి మధ్య ఒకటి. పాత జీపుల్లో ఆ మధ్యది ఉండదు. లీవర్ వేయగానే ముందు, వెనక షాఫ్ట్‌లు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. బురదలో టైర్లు ఎలాగూ జారతాయి కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు. ఎండిన తారు రోడ్డు మీద మాత్రం టైర్లు ఈడ్చుకుపోతాయి, షాఫ్ట్‌లు మెలిపడతాయి, గేర్లు విరిగే ప్రమాదం ఉంది. రోజూ తారు రోడ్డు మీదే తిరిగే సెడాన్‌కు ఈ పద్ధతి పనికిరాదు. 1966లో ఇంగ్లండ్‌లో వచ్చిన జెన్సన్ ఎఫ్‌ఎఫ్‌లో, ట్రాక్టర్లతో పేరు తెచ్చుకున్న హ్యారీ ఫెర్గూసన్ సంస్థ తయారుచేసిన మధ్య డిఫరెన్షియల్ ఉండేది. కారు అద్భుతమే గాని అమ్ముడైనవి 320 మాత్రమే.

1976-77 చలికాలంలో ఫిన్లాండ్ మంచులో ఆడి ఇంజనీర్లు కార్లను పరీక్షిస్తున్నారు. వెంట తెచ్చుకున్న వాటిలో సైన్యం కోసం తయారైన ఫోక్స్‌వాగన్ ఇల్టిస్ ఒకటి. దాని ఇంజిన్ 75 హార్స్‌పవరే. అయినా అంతకంటే ఎంతో బలమైన, ముందు చక్రాలకే శక్తి అందే కార్లను అది మంచులో వెనక్కి నెట్టేసింది. ఛాసిస్ విభాగంలో పనిచేసే యోర్గ్ బెన్‌సింగర్ ఈ సంగతిని సాంకేతిక విభాగాధిపతి ఫెర్డినాండ్ పియెక్ ముందు పెట్టాడు. ఆలోచన నచ్చింది. చిక్కల్లా, జీపులో మాదిరి బరువైన ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టె), ముందుకు పోయే మరో ప్రొపెల్లర్ షాఫ్ట్ పెడితే సెడాన్ నేల ఎత్తు పెరిగిపోతుంది.

ఆడి గేర్‌బాక్స్ నిపుణులు కనిపెట్టిన ఉపాయం బోలు షాఫ్ట్. గేర్‌బాక్స్‌లోని ఔట్‌పుట్ షాఫ్ట్‌ను 263 మిల్లీమీటర్ల పొడవున గొట్టంలా తయారుచేశారు. ఇంజిన్ శక్తి ఆ గొట్టం మీదుగా వెనక్కి వచ్చి గేర్‌బాక్స్ చివరనున్న మధ్య డిఫరెన్షియల్‌ను తిప్పుతుంది. అక్కడి నుంచి ఒక వాటా ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనక యాక్సిల్‌కు పోతుంది. రెండో వాటా ఆ గొట్టం లోపలే ఉన్న మరో సన్నని షాఫ్ట్ మీదుగా తిరిగి ముందు యాక్సిల్‌కు చేరుతుంది. వెళ్లే దారి, వచ్చే దారి ఒకే ఇరుసు మీద ఇమిడిపోయాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ తప్పింది, బరువు తగ్గింది, నేల ఎత్తు పెరగలేదు. ఇలా తయారైన ఆడి క్వాట్రో 1980 మార్చిలో జెనీవా మోటార్ షోలో కనిపించింది. ర్యాలీల్లో దాన్ని నడిపిన మిషెల్ మూటాన్ 1981లో సాన్‌రెమోలో గెలిచి, ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ పోటీ నెగ్గిన తొలి మహిళ అయ్యింది.

మొదటి క్వాట్రోలో మధ్య డిఫరెన్షియల్ మామూలుదే. జారే నేల మీద డ్రైవరే మీట లాగి దాన్ని లాక్ చేసుకోవాలి. లాక్ చేస్తే జీపు ఇబ్బందులన్నీ తిరిగొచ్చేవి. పైగా ముందు, వెనక చక్రాలు ఒకదానికొకటి కట్టుబడిపోవడంతో ఏబీఎస్ బ్రేకులు ఒక్కో చక్రాన్ని విడిగా అదుపు చేయలేకపోయేవి. అందుకని లాక్ వేసినప్పుడు ఏబీఎస్‌ను ఆపేయాల్సి వచ్చేది. మలుపులో విడిపోతూ, జారుడులో బిగుసుకుంటూ, ఈ రెంటికీ డ్రైవర్ చేయి అక్కర్లేని భాగం ఒకటి కావాలి. అలాంటిది అప్పటికే అమెరికాలో ఉంది. వెర్నన్ గ్లీస్‌మన్ అనే ఆవిష్కర్త దానికి 1958లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1980ల్లో గ్లీసన్ కంపెనీ చేతికి వచ్చాక అది టోర్సన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

టోర్సన్‌లో విద్యుత్ లేదు, సెన్సర్ లేదు, క్లచ్ లేదు. ఉన్నవన్నీ గేర్లే. దాని కీలకం వార్మ్ గేర్ స్వభావంలో ఉంది. మరమేకులా మెలికలు తిరిగిన షాఫ్ట్‌ను వార్మ్ అంటారు. దానికి అడ్డంగా ఒక పళ్ల చక్రం కూర్చుంటుంది. వార్మ్‌ను తిప్పితే చక్రం సులువుగా తిరుగుతుంది. చక్రాన్ని తిప్పి వార్మ్‌ను కదిలించబోతే మాత్రం పళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని మొరాయిస్తాయి. స్క్రూ జాకీ సంగతీ ఇంతే. హ్యాండిల్ తిప్పితే కారు లేస్తుంది, కారు ఎంత బరువుతో కిందికి నొక్కినా హ్యాండిల్ వెనక్కి తిరగదు.

టోర్సన్ డబ్బా లోపల ముందు యాక్సిల్‌కు పోయే షాఫ్ట్ చివర ఒక వార్మ్, వెనకదానికి పోయే షాఫ్ట్ చివర ఒక వార్మ్ ఎదురెదురుగా ఉంటాయి. వాటి చుట్టూ జతలు జతలుగా చిన్న చక్రాలను డబ్బాకే బిగిస్తారు. జతలో ఒక చక్రం ముందు వార్మ్‌ను, రెండోది వెనక వార్మ్‌ను పట్టుకుంటుంది. ఆ రెండు చక్రాల కొసలకు మామూలు పళ్లుంటాయి. వాటితో అవి పరస్పరం ముడిపడి ఉంటాయి. ఇంజిన్ తిప్పేది డబ్బాను. కారు తిన్నగా పోతుంటే చిన్న చక్రాలు తమ ఇరుసుల మీద తిరగవు. డబ్బా, వార్మ్‌లు అన్నీ ఒక ముద్దగా తిరుగుతాయి.

మలుపు వచ్చినప్పుడు ముందు యాక్సిల్ కొంచెం ఎక్కువ తిరగాలి. దాని వార్మ్ తనను పట్టుకున్న చక్రాన్ని తిప్పుతుంది, అది తన జతను తిప్పుతుంది, ఆ జత వెనక వార్మ్‌ను అంతే మేర వెనక్కి మళ్లిస్తుంది. ఒకటి ఎంత పెరిగితే రెండోది అంత తగ్గుతుంది. ఈ తేడా చిన్నది, నెమ్మదైనది. పళ్ల మధ్య భారం కూడా మితంగా ఉంటుంది కాబట్టి ఒరిపిడి అడ్డురాదు.

ముందు చక్రాలు మంచు మీదికి వచ్చాయనుకుంటే లెక్క మారిపోతుంది. అవి గిర్రున తిరగాలంటే ఇదే గొలుసు కదలాలి. గొలుసు చివర మాత్రం చక్రం వార్మ్‌ను తిప్పాలి, అంటే మొరాయించే దిశలో పని జరగాలి. పైగా ఇంజిన్ ఎంత బలంగా తిప్పితే పళ్ల మీద ఒత్తిడి అంత పెరుగుతుంది, ఒరిపిడీ అంతే పెరుగుతుంది. జారబోయే చక్రాలు వేగం అందుకోకముందే, ఆ ఒరిపిడి టార్క్‌ను పట్టున్న యాక్సిల్ వైపు మళ్లిస్తుంది. జారుడు మొదలయ్యాక సరిదిద్దడం వేరు, మొదలు కాకుండానే ఆపడం వేరు. టోర్సన్ రెండో కోవకు చెందింది. వార్మ్ మెలికల కోణాన్ని బట్టి ఒక నిష్పత్తి ఏర్పడుతుంది. అది 3:1 అనుకుంటే, మంచు మీది యాక్సిల్ 100 న్యూటన్ మీటర్లు మోయగలిగినప్పుడు రెండోదానికి 300 దాకా అందుతాయి. మామూలు డిఫరెన్షియల్‌తో మొత్తం 200 అయ్యేది, దీనితో 400. బ్రేకు వేసినప్పుడు ఇంజిన్ తోపు తగ్గి పళ్లు వదులవుతాయి కాబట్టి ఏబీఎస్‌కూ అడ్డు ఉండదు.

దీనికీ ఒక లోపం ఉంది. 3ను సున్నాతో గుణిస్తే సున్నాయే. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే దాని యాక్సిల్ మోసేది దాదాపు సున్నా, కాబట్టి రెండో యాక్సిల్‌కూ దాదాపు ఏమీ రాదు. తర్వాతి కార్లలో గాల్లో తిరిగే చక్రానికి కంప్యూటర్ తేలికగా బ్రేకు వేసి లేని భారాన్ని కల్పిస్తుంది. అప్పుడు గుణకారం మళ్లీ పనిచేస్తుంది. ఈ లోపం ఉన్నా, 1986-87 నుంచి ఆడి క్వాట్రోల్లో టోర్సన్ మధ్య డిఫరెన్షియల్ స్థానంలో కూర్చుంది.

పోటీదారులు గేర్ల బదులు క్లచ్ ప్లేట్లను నమ్ముకున్నారు. బీఎండబ్ల్యూ 2003లో తెచ్చిన ఎక్స్‌డ్రైవ్‌లో చిన్న మోటార్ ఒకటి నూనెలో మునిగిన ప్లేట్లను నొక్కుతూ వదులుతూ ముందు యాక్సిల్ వాటాను మారుస్తుంది. స్వీడన్‌లో పుట్టిన హాల్డెక్స్ వెనక యాక్సిల్ దగ్గర హైడ్రాలిక్ ఒత్తిడితో ఇదే పని చేస్తుంది. వోల్వో సెడాన్లలోనూ, ఇంజిన్ అడ్డంగా ఉండే చిన్న ఆడిలలోనూ ఉన్నది ఇదే. మెర్సిడెస్ కొంతకాలం మూడో దారి పట్టింది. మధ్యలో మామూలు డిఫరెన్షియల్ ఉంచి, జారే చక్రానికి బ్రేకు వేసే పనిని ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించింది. 2010లో ఆడి క్రౌన్ గేర్ డిఫరెన్షియల్ తెచ్చింది. 2016లో, అవసరం లేనప్పుడు వెనక యాక్సిల్‌ను పూర్తిగా విడదీసే క్వాట్రో అల్ట్రాతో ఆడి కూడా క్లచ్ దారికే వచ్చింది. రెండు మోటార్ల టెస్లా మోడల్ ఎస్ రావడంతో మధ్యలో షాఫ్ట్ అవసరమే లేకుండా పోయింది.

పాత కారు కొనేటప్పుడు ముందుగా చూడవలసినవి టైర్లు. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, దాదాపు ఒకే మేర అరిగినవి అయ్యుండాలి. కొత్త టైరు వ్యాసార్ధం 32 సెంటీమీటర్లు అనుకుంటే అది కిలోమీటరుకు సుమారు 497 చుట్లు తిరుగుతుంది. 5 మిల్లీమీటర్లు అరిగిన టైరు 505 తిరుగుతుంది. ముందు కొత్త జత, వెనక పాత జత ఉంటే తిన్నటి రోడ్డు మీద కూడా మధ్య భాగం ప్రతి కిలోమీటరుకూ 8 చుట్ల తేడాను సర్దుకుంటూ పోవాలి. టోర్సన్ గేర్లు దీన్ని కొంతకాలం ఓర్చుకుంటాయి. క్లచ్ ప్లేట్లు మాత్రం ఆగకుండా రాసుకుని వేడెక్కుతాయి, నూనె మాడుతుంది. వేర్వేరు టైర్లున్న కారులో పాత యజమాని మిగుల్చుకున్న డబ్బు కొత్త యజమాని ట్రాన్స్‌ఫర్ కేస్ బిల్లులో తేలవచ్చు.

రెండో పరీక్షకు ఖాళీగా, పొడిగా ఉన్న పార్కింగ్ స్థలం చాలు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపాలి, తర్వాత రెండో పక్కకు. కారు కుదుపుతూ, గెంతుతూ కదిలితే క్లచ్ వదలడం లేదనో, టైర్లు సరిపోలడం లేదనో అనుమానించాలి. ముందు నుంచి టకటకమంటే చక్రానికి శక్తి చేర్చే సీవీ జాయింట్ అరిగింది. యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడు కింద ధబ్బుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ రబ్బరు కప్లింగ్‌నో, మౌంట్లనో చూడాలి. వేగంతో పాటు పెరిగే ఊళ డిఫరెన్షియల్ బేరింగుల నుంచి రావచ్చు.

మూడోది లిఫ్ట్ మీద. సీవీ జాయింట్లను కప్పే రబ్బరు బూట్ల చిరుగులు, గ్రీజు చిమ్మిన మరకలు, గేర్‌బాక్స్ చుట్టూ నూనె తడి వెతకాలి. నూనె మార్చిన రసీదులు అడగాలి. హాల్డెక్స్ నూనెను తరాన్ని బట్టి 30,000 నుంచి 60,000 కిలోమీటర్ల మధ్య మార్చాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ నూనె జీవితాంతం సరిపోతుందని రాసి ఉన్నా, పాత కారుకు దాన్ని మార్చడమే మేలు.

బోలు షాఫ్ట్ ఏర్పాటుకు చెల్లించవలసిన మూల్యం కూడా ఆడి కొనేవారు తెలుసుకోవాలి. ముందు డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే ఉండటంతో ఇంజిన్ ముందు యాక్సిల్ కంటే ముందుకు, గ్రిల్ దాకా జరిగిపోయింది. 1997-2004 నాటి ఎ6 వీ6 ఇంజిన్లకు టైమింగ్ బెల్ట్ మార్చాలంటే కారు ముఖభాగాన్నంతా విప్పి ముందుకు లాగాలి. తర్వాత వచ్చిన 3.2 లీటర్ వీ6లో బెల్ట్ పోయి చైన్ వచ్చింది, అది ఇంజిన్ వెనక వైపున ఉంది. దాని జోలికి పోవాలంటే ఇంజిన్ దించాల్సి వస్తుంది. ముందు చక్రం ఒక్కోదానికి నాలుగేసి సస్పెన్షన్ ఆర్ములు, వాటి బుష్‌లు కూడా ఖర్చు లెక్కలో చేరతాయి.

కొన్నాక గుర్తుంచుకోవలసినవి కొన్నే. ఆల్ వీల్ డ్రైవ్ కదలడానికి తోడ్పడుతుంది, ఆగడానికి తోడ్పడదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి మంచులో చలికాలపు టైర్లు తప్పనిసరి. ఒక టైరు పాడైతే జతను, ఒక్కోసారి నాలుగింటినీ మార్చాలి, లేదా కొత్తదాన్ని పాతవాటి మందానికి చెక్కించాలి. కారు ఆగిపోతే ఒక యాక్సిల్‌ను పైకెత్తి రెండోదాన్ని రోడ్డు మీద ఈడ్చే టోయింగ్ పనికిరాదు. నేల మీద తిరిగే చక్రాలు, గాల్లో ఆగిన చక్రాలు మధ్య భాగాన్ని చెరో వైపు లాగి కాల్చేస్తాయి. నాలుగు చక్రాలూ ఎక్కే ఫ్లాట్‌బెడ్ బండినే పిలవాలి.