సరిహద్దు దాటని సామాను

మా కమాన్‌పూరు బొగ్గుగనుల ప్రాంతమున ఇల్లు విడిచి మరియొక చోటికి పోవువారు తలుపులను, వాసములను సైతము బండికెత్తుకొందురు. దేశపు సరిహద్దు దాటువారికి ఆ వెసులుబాటు లేదు. తనతో ఏది రావలెనో అచట నిర్ణయించునది యజమాని కాదు, సుంకపు అధికారి.

బర్మాలోని తెలుగువారి కథ యిందుకు తార్కాణము. కోరంగి రేవు పేరిట వారిని అచట ‘కోరంగీలు’ అనెడివారు. 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపింపగా, 1942లో లక్షలాది భారతీయులు తిరుగుముఖము పట్టిరి. ఓడలో చోటు దొరకనివారు కొండలు, అడవులు దాటి నడచిరి. మోయగలిగినంతయే వారి ఆస్తి.

1962లో నీ విన్ సైనికపాలన వచ్చెను. 1964లో దుకాణములు జాతీయమయ్యెను. 50, 100 క్యాట్ల నోట్లు చెల్లకపోయెను. స్వదేశమునకు బయలుదేరిన వారి రొక్కముపై, నగలపై కఠినమైన ఆంక్షలు విధింపబడెను. మొదటిసారి అరణ్యము మూటను తగ్గించెను. రెండవసారి శాసనము తగ్గించెను.

విశాఖపట్టణపు కంచరపాలెములో బర్మాక్యాంపు అను పేట నేటికిని కలదు. ఏ సుంకపు పట్టికకును అందని బర్మా వంటకము ఖౌస్వే అచట నిలిచియున్నది. చేతికి వచ్చిన విద్యను ఏ అధికారియు జప్తు చేయలేడు. అయినను, పోయిన కష్టార్జితమునకు అది పరిహారము కాదు.

ఉపాధ్యాయులు ఈ వలసను బోధించునపుడు, ఒక్క మూటయే కట్టవలసివచ్చిన ఏమి కట్టుకొందురని విద్యార్థుల నడుగవలెను. నేడు మన పల్లెనుండి గల్ఫునకు పోవు యువకుడు తూకము వేయించు పెట్టెలోను ఆ ప్రశ్నయే కలదు.