రక్తకణం చెప్పే కొవ్వు లెక్క



నుదుట ముద్దుపెడితే ఉప్పగా తగిలే బిడ్డ ఎక్కువ కాలం బతకదని ఐరోపాలో పూర్వం ఒక నమ్మకం ఉండేది. ఆ ఉప్పదనం వెనుక ఉన్న జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. 1938లో అమెరికాలో డాక్టర్ డొరొతీ ఆండర్సన్ దీన్ని వివరంగా వర్ణించారు. ఏడవ క్రోమోజోము మీద ఉన్న దీని మూల జన్యువును 1989లో కనుగొన్నారు. కణాల గోడలో క్లోరైడు రాకపోకలకు ఒక ద్వారం ఉంటుంది. ఆ ద్వారాన్ని తయారుచేయించేది ఈ జన్యువే. అది చెడితే చెమటలో ఉప్పు పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో కఫం జిగురుగా పేరుకుంటుంది. క్లోమ గ్రంథి నాళాలు మూసుకుపోయి జీర్ణరసాలు పేగుకు చేరవు. తిన్న కొవ్వు అరగక జిడ్డు విరేచనాలుగా పోతుంది.

మరి దీనికీ రక్తకణాలకూ ఏమిటి సంబంధం?

ప్రతి కణం చుట్టూ సన్నని పొర ఉంటుంది. ఆ పొరలో ముఖ్యమైన భాగం కొవ్వు ఆమ్లాలే. వాటిలో లినోలీక్ ఆమ్లాన్ని మన శరీరం తయారుచేసుకోలేదు. పొద్దుతిరుగుడు, కుసుమ, నువ్వుల నూనెల నుంచి అది రావాలి. దాని నుంచి శరీరం అరాకిడోనిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. వాపును రగిలించే పదార్థాలు ఎన్నో దీని నుంచే పుడతాయి. వాపును చల్లార్చేందుకు తోడ్పడే డి.హెచ్.ఏ. అనే మరో ఆమ్లం చేపల్లో బాగా దొరుకుతుంది. అవిసె గింజల్లోని కొవ్వును కూడా శరీరం డి.హెచ్.ఏ.గా మార్చుకోగలదు కాని, ఆ మారేది చాలా కొద్ది.

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అది కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోదు. అందువల్ల దాని పొరను పరీక్షిస్తే, గడచిన రెండు మూడు నెలల్లో శరీరానికి ఏ కొవ్వు ఎంత అందిందో తెలుస్తుంది. అది ఒక చిట్టా పుస్తకం వంటిది. ఈ రోగుల చిట్టాలో లినోలీక్ ఆమ్లం, డి.హెచ్.ఏ. తక్కువగా కనిపిస్తాయి.

ఈ పిల్లల రక్తంలో కొవ్వు ఆమ్లాల తేడాను అమెరికా వైద్యులు 1962లోనే ప్రకటించారు. తిన్నది అరగకపోవడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. అయితే క్లోమం బాగానే పనిచేస్తున్న రోగుల్లో కూడా ఈ తేడా కనిపించింది. 1986లో స్వీడన్ పరిశోధకులు తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లను పరిశీలించారు. మామూలుగా స్టెరాయిడ్ మందు తగిలితే అరాకిడోనిక్ ఆమ్లం విడుదల తగ్గాలి. ఈ రోగుల కణాల్లో తగ్గలేదు. తరువాత ప్రయోగశాలలో పెంచిన కణాల్లో, లినోలీక్ ఆమ్లాన్ని మార్చే ఎంజైములు మామూలుకన్నా చురుగ్గా పనిచేస్తున్నట్లు తేలింది. అంటే లోపం తిండిలోనే కాదు, కణం లోపల కూడా ఉంది.

అయితే చేపనూనె తాగిస్తే సరిపోదా? తాగిస్తే రక్తకణాల్లో డి.హెచ్.ఏ. పెరుగుతుంది. కాని దానివల్ల ఊపిరితిత్తులు బాగుపడతాయని ఇప్పటికీ గట్టిగా రుజువు కాలేదు. కనుక దాన్నే మందుగా నమ్ముకోకూడదు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు మరొకటుంది. జిడ్డు విరేచనాలు చూసి, బిడ్డకు నూనె, నెయ్యి పడటం లేదని మానిపించడం. అసలే తక్కువగా ఉన్న కొవ్వు అప్పుడు ఇంకా తగ్గుతుంది, బిడ్డ మరింత చిక్కిపోతాడు. ఈ జబ్బుకు పథ్యం కొవ్వు మానడం కాదు. క్లోమం పనిచేయని బిడ్డకు భోజనంతోపాటు ఎంజైము గుళికలు ఇచ్చి, కొవ్వుతో కూడిన బలమైన ఆహారం పెట్టాలి. ఎ, డి, ఇ, కె విటమిన్లు, కఫం బయటికి రప్పించే వ్యాయామం కావాలి. ఎండాకాలంలో చెమటతో ఉప్పు పోతుంది కనుక డాక్టరు చెప్పిన మేరకు అదనంగా ఉప్పు ఇవ్వాలి. చెడిన ద్వారాన్నే సరిచేసే మూడు మందుల కలయికకు అమెరికాలో 2019లో అనుమతి లభించింది. అయితే అది అన్ని రకాల జన్యులోపాలకూ పనిచేయదు, ధర కూడా చాలా ఎక్కువ.

తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి చెడిన జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఇటువంటి కలయికకు అవకాశం పెరుగుతుంది. ఇందులో తల్లి తప్పూ లేదు, తండ్రి తప్పూ లేదు.

బిడ్డ ఎంత తిన్నా బరువు పెరగకపోతే, దగ్గు విడవకపోతే, విరేచనం జిడ్డుగా ఉంటే, ఒళ్లు ఉప్పగా ఉంటే, పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించి చెమట పరీక్ష సంగతి అడగండి. నొప్పి పెద్దగా ఉండని పరీక్ష అది. ఎంత ముందుగా తెలిస్తే బిడ్డకు అంత మేలు.