‘రేపట్నుంచి రావద్దు’ అన్నారా? లాయరు ఫీజు భయం వద్దు!

నంద్యాల అంటే బ్యాంకు కోచింగ్. ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుకునే కుర్రాళ్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు... రాజ్యాంగంలో 23వ అధికరణ వెట్టిచాకిరీని నిషేధిస్తుందని. అదే కుర్రాడు ఖర్చుల కోసం ఏదో షోరూములో చేరాడనుకోండి. మూడు నెలలు పనిచేశాక ‘రేపట్నుంచి రావద్దు’ అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తుంది. రావాల్సిన జీతం మాత్రం రాదు. ఎక్కడికి పోవాలో తెలీదు. ‘లాయరుకు పెట్టే డబ్బుతో ఇంకో నెల గడిచిపోతుంది, పోనీలే’ అనుకుని ఊరుకుంటాడు.

ఈ లెక్క దగ్గరే మనవాళ్లు మోసపోతున్నారు. ఎందుకంటే ఆ లాయరుకు డబ్బు కట్టాల్సిన పనే చాలామందికి లేదు.

1987లో వచ్చిన న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో 12వ సెక్షన్ ఒకటుంది. ఉచిత న్యాయ సహాయం ఎవరెవరికి ఇవ్వాలో అందులో రాశారు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు... వీళ్లతోపాటు ‘పారిశ్రామిక కార్మికుడు’ అనే మాట కూడా ఆ జాబితాలో ఉంది. వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. మిగతావాళ్లకు మన రాష్ట్రంలో ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉంటే చాలు. నంద్యాల రైసుమిల్లులో హమాలీ అయినా, జిన్నింగు మిల్లులో మెషీను నడిపేవాడైనా, నాపరాయి పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడైనా ఈ లెక్కలోకి వస్తాడు. విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయే ఆడవాళ్లు ఫ్యాక్టరీ గడప తొక్కకపోయినా, మహిళలు కాబట్టి వాళ్లకూ హక్కుంది.

ఎక్కడ అడగాలి? నంద్యాల కోర్టు ఆవరణలోనూ, ఆళ్లగడ్డ కోర్టు ఆవరణలోనూ మండల న్యాయ సేవాధికార సంఘం ఉంటుంది. తెల్లకాగితం మీద తెలుగులో రాసిస్తే చాలు. చదువురానివాళ్లు నోటితో చెబితే అక్కడే రాసుకుంటారు. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, టైపు ఖర్చులు మీ జేబులోంచి పెట్టక్కర్లేదు. ముందు ఫోన్లో అడుగుదామంటే 15100కి కొట్టండి, దేశమంతా ఇదే నంబరు. అంబులెన్సు 108 తెలిసినంతగా ఈ నంబరు తెలియకపోవడం మన ఖర్మ.

ఇక అసలు చిక్కు. కోర్టు మెట్లు ఎక్కినవాడిని మొదట అడిగేది ‘నువ్వు అక్కడ పనిచేశావని కాగితం ఏదీ?’ అని. అపాయింట్‌మెంట్ లెటరు ఇవ్వరు, పే స్లిప్పు ఇవ్వరు, హాజరు పుస్తకం యజమాని బీరువాలో ఉంటుంది. ఇక్కడే కొత్త చట్టం కొంచెం మేలు చేసింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 29 పాత చట్టాల స్థానంలో వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్ ప్రకారం, జీతం రాలేదని కార్మికుడు ఫిర్యాదు చేస్తే, ఇచ్చానని రుజువు చేయాల్సిన బాధ్యత యజమానిదే. పనిలోంచి తీసేసినా, మీరే రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో బకాయి జీతం చేతిలో పెట్టాలి. ‘వచ్చే నెల అందరితోపాటు చూద్దాంలే’ అంటే కుదరదు. ఫిర్యాదుకు మూడేళ్ల గడువు ఉంది. బకాయితోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం కూడా విచారించే అధికారికి ఉంది. పది రెట్లు ప్రతి కేసులోనూ వస్తాయని ఆశ పెట్టుకోకండి, అది గరిష్ఠ పరిమితి మాత్రమే.

అయితే అక్కడ పనిచేశానని చూపించుకోవాల్సింది మాత్రం మీరే. అందుకు మీ చేతిలో ఉన్న ఫోనే ఆధారం. ఫోన్‌పేలో ఓనరు వేసిన అడ్వాన్సు, ‘రేపు పొద్దున ఆరుకే రా’ అనే మెసేజ్, షాపు గ్రూపులో పెట్టిన హాజరు ఫొటో, యూనిఫారంతో దిగిన సెల్ఫీ... అన్నీ పనికొస్తాయి. కోపంలో గ్రూపులోంచి ఎగ్జిట్ అయిపోయి చాట్ డిలీట్ చేయకండి. కొత్త ఫోను కొన్నా పాతది అమ్మేయకండి. ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం దాంతోపాటు ఒక సర్టిఫికెట్ జత చేయాలి. అది చూసుకోవడానికే ఉచిత లాయరు.

ఉద్యోగంలోంచి తీసేసిన గొడవ అయితే దారి వేరు. ముందు కార్మిక శాఖ అధికారి దగ్గర రాజీ చర్చలు జరుగుతాయి. విచిత్రం ఏంటంటే, ఆ చర్చల్లో లాయర్లకు ప్రవేశం లేదు. మీకూ లేదు, ఓనరుకూ లేదు. యూనియన్ నాయకుడు మీ పక్కన కూర్చోవచ్చు. సీఐటీయూ, ఏఐటీయూసీ లాంటి సంఘాల వాళ్లకు ఈ గదులు బాగా అలవాటే. ఉచిత లాయరుతో అర్జీ రాయించుకుని, యూనియన్ మనిషిని వెంటబెట్టుకుని వెళ్లడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పద్ధతి. వివాదం మొదలైన రెండేళ్లలోపు వెళ్లాలి, ఆ తర్వాత చర్చలకే తీసుకోరు. రాజీ కుదరకపోతే కేసు అనంతపురంలోని లేబర్ కోర్టుకు చేరుతుంది. అక్కడ ఎదుటివాళ్లు ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే లాయరు. ఆళ్లగడ్డ నుంచి అనంతపురం పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. వాయిదాల మీద వాయిదాలు పడితే ఎంతమంది నిలబడతారు? ఓనర్లు గెలిచే కేసుల్లో సగం బలం ఈ దూరమే అనిపిస్తుంది.

ప్రైవేటు స్కూలు టీచర్ల సంగతి ఇంకో రకం. నంద్యాలలో వీధికో స్కూలు కాబట్టి చెప్పాలి. టీచరు ‘వర్క్‌మన్’ కాదని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది, అందుకని లేబర్ కోర్టు దారి వాళ్లకు మూసుకుపోయింది. గ్రాట్యుటీ దారి మాత్రం తెరిచే ఉంది. 2022లో సుప్రీంకోర్టు ఆ హక్కును ఖాయం చేసింది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఐదేళ్లు దాటితే, చివరి జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఎన్నేళ్లు చేశారో దాంతో మళ్లీ హెచ్చవేయండి. 13 వేల జీతంతో ఎనిమిదేళ్లు చేసినవాళ్లకు 60 వేలు వస్తాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని బెదిరించే అధికారం ఏ కార్మిక చట్టమూ ఏ యాజమాన్యానికీ ఇవ్వలేదు.

ఆళ్లగడ్డ మాట వచ్చేసరికి రాయి గురించి మాట్లాడకుండా ఎలా? ఇక్కడి శిల్పాలు దేశంలో ఎన్నో గుళ్లకు పోతాయి. ఉలితో చెక్కే రోజుల్లో కంటే కట్టర్లు, గ్రైండర్లు వచ్చాక దుమ్ము ఎక్కువైంది. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చేది సిలికోసిస్. పొడిదగ్గు, ఆయాసం. చాలాసార్లు టీబీ అనుకుని మందులు వాడతారు. నయమయ్యే జబ్బు కాదిది. చట్టంలో దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించారు. అంటే పనిలో చెయ్యి తెగితే యజమాని ఎలా పరిహారం ఇవ్వాలో దీనికీ అలాగే ఇవ్వాలి. కానీ ముక్క లెక్కన నాలుగు షెడ్లలో పనిచేసినవాడికి యజమాని ఎవరు? అందుకే ఏ షెడ్డులో ఏ సంవత్సరం పనిచేశారో, ఎవరు డబ్బిచ్చారో ఇప్పట్నుంచే ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే తీయించినప్పుడు ‘రాతి పని చేస్తాను’ అని డాక్టరుకు చెప్పి, చీటీ మీద రాయించుకోవాలి. ఆ ఒక్క వాక్యం తర్వాత చాలా విలువ చేస్తుంది.

చివరిగా లోక్ అదాలత్. ఫీజు లేదు, ఒక్క రోజులో తేలిపోతుంది, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి ఇస్తారు. కాకపోతే అక్కడ సంతకం పెట్టాక అప్పీలు లేదు. లక్ష రావాల్సిన చోట ‘ఇరవై వేలు ఇస్తాం, ఇప్పుడే తీస్కో’ అంటే ఆకలి మీదున్నవాడు తల ఊపేస్తాడు. రాజీ ఇష్టం లేకపోతే ‘వద్దు’ అనొచ్చు, కేసు మామూలుగానే నడుస్తుంది. సంతకం చేసే ముందు కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని, మీ తరఫున ఉన్న లాయరుతో వరుసగా చదివించుకోండి. ఎంత, ఏ తేదీలోపు, చెక్కా, బ్యాంకు ఖాతాకా... ఈ మూడూ అందులో రాసి ఉన్నాయో లేదో చూశాకే పెన్ను అందుకోండి.