చిల్లుల రేకును కంప్యూటరులో గీయుట ఎట్లు?

ముగ్గుల పుస్తకములలో ప్రతి ముగ్గు క్రిందను ఒక చిన్న సూచన ఉండును. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చు వరకు అని అందులో వ్రాయుదురు. ఇది చదివిన వారు నడుమ వరుసలో 15 చుక్కలు పెట్టి, ఇరువైపులను 14, 13, 12 చొప్పున తగ్గించుచు 8 వరకు పోవుదురు. కూడి చూచినచో మొత్తము 169 చుక్కలగును. ఒక్కొక్క చుక్క స్థానమును విడిగా చెప్పదలచినచో 169 సూచనలు కావలెను. నియమము చెప్పినచో ఒక్క సూచన చాలును. ఈ చిన్న విషయమే నేటి యంత్రశాలలలో ఒక పెద్ద చిక్కును విడదీయుటకు పనికివచ్చుచున్నది.

చిల్లుల రేకును మనమందరమును చూచియే యున్నాము. బియ్యపు మిల్లులోని జల్లెడలు, లౌడ్‌స్పీకరు ముందరి మూత, మైక్రోవేవ్ పొయ్యి తలుపు అద్దమునకు అతికియుండు సన్నని తెర, ఇవన్నియు చిల్లుల రేకులే. జల్లెడలో చిల్లు కొలత తప్పినచో నూక బియ్యములో కలియును. పొయ్యిలోని తరంగముల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. తెర చిల్లులు దానికన్న ఎంతో చిన్నవి గనుక వెలుతురు బయటికి వచ్చును గాని ఆ తరంగములు దాదాపు లోపలనే నిలిచిపోవును. కావున చిల్లు అలంకారము కాదు. అది రేకు చేయవలసిన పనికి ప్రాణము.

చిక్కు ఎచ్చట?

నేడు యంత్రభాగములను కాగితముపై గాక కంప్యూటరులో రూపొందించుచున్నారు. ఇట్టి సాఫ్టువేరునకు క్యాడ్ అని పేరు. ఇందులో వస్తువు వట్టి బొమ్మ కాదు. దాని ప్రతి తలమును, ప్రతి అంచును, ఏది దేనిని ఆనుకొని యున్నదో ఆ సంబంధమును కంప్యూటరు జ్ఞాపకములో ఉంచుకొనును. రంధ్రము లేని దీర్ఘచతురస్రపు రేకునకు 6 తలములు, 12 అంచులు మాత్రమే. అందులో ఒక గుండ్రని చిల్లు చేసినచో కొత్తగా ఒక స్తూపాకార తలము, రెండు వృత్తాకారపు అంచులు చేరును.

ఒక ఉదాహరణము తీసికొందము. 1 మీటరు పొడవు, 1 మీటరు వెడల్పు గల ఉక్కు రేకులో 3 మిల్లీమీటర్ల వ్యాసము గల చిల్లులున్నవి. ప్రక్కప్రక్క చిల్లుల కేంద్రముల మధ్య దూరము 5 మిల్లీమీటర్లు. పనివారు దీనినే పిచ్ అందురు. చిల్లులు సందు చుక్కల వలె, అనగా సమబాహు త్రిభుజముల మూలలలో, అమరియున్నవి. అప్పుడు వరుసకును వరుసకును నడుమ దూరము 4.33 మిల్లీమీటర్లు. ఒక్కొక్క చిల్లు వంతునకు వచ్చు రేకు 5 × 4.33 = 21.65 చదరపు మిల్లీమీటర్లు. రేకు మొత్తము వైశాల్యము 10 లక్షల చదరపు మిల్లీమీటర్లు గనుక చిల్లుల సంఖ్య సుమారు 46 వేలు!

అనగా 46 వేల కొత్త తలములు, 92 వేల కొత్త అంచులు. ఇంతటితో పోలేదు. తెరపై చూపుటకు కంప్యూటరు వస్తువునంతను చిన్న చిన్న త్రిభుజములుగా విడగొట్టును. ప్రతి వృత్తమును 24 భుజముల బహుభుజిగా తీసికొన్నచో ఒక్కొక్క చిల్లు చుట్టును, లోపలి గోడతో సహా, సుమారు 100 త్రిభుజములు కావలెను. మొత్తము 46 లక్షలు. రేకును త్రిప్పి చూచిన ప్రతిసారియు వీటినన్నింటిని మరల గీయవలెను.

చిల్లులను ఒకటి తరువాత ఒకటిగా కోసినచో మరియొక భారము కలదు. ప్రతి కొత్త చిల్లు పాత చిల్లులలో దేనినైన తాకుచున్నదా అని సరిచూడవలెను. అన్నింటితోను సరిచూచినచో 1 + 2 + 3 + ... అని 46,000 వరకు కూడవలసి వచ్చును. ఆ మొత్తము సుమారు 106 కోట్లు. మంచి సాఫ్టువేరు దూరముననున్న చిల్లులను విడిచిపెట్టి ఈ శ్రమను చాల తగ్గించును. అయినను సాధారణ కంప్యూటరు తడబడి నిలిచిపోవుటలో వింత లేదు.

నియమమును చెప్పుట

మొదటి ఉపాయము ముగ్గు నేర్పినదే. 46 వేల వృత్తములను ఒక రేఖాపటములో గీసి ఒక్కసారి కోయరాదు. ప్రతి వృత్తమునకు కేంద్రము యొక్క రెండు నిరూపకములు, ఒక వ్యాసార్ధము, ఈ మూడును తెలియవలెను. ఆ లెక్కన రేఖాపటములో 1,38,000 అజ్ఞాత రాశులు చేరును. దానికి బదులు ఒకే చిల్లు చేసి, దానిని ఇంత దూరమున ఇన్నిసార్లు ఆవృత్తి చేయుము అని ఆజ్ఞ ఇయ్యవలెను. ఆవృత్తిలో ప్రతి చిల్లును కొత్తగా లెక్కకట్టుట, మొదటి చిల్లు రూపమును యథాతథముగా నకలు తీయుట అని రెండు విధములు కలవు. రేకు మందము అంతటను ఒకటే గనుక రెండవ విధము చాలును, అదియే వేగమైనది.

మూలమును ఒక్కసారి దాచి, తక్కినవానికి స్థానములు మాత్రము గుర్తుంచుకొనుట క్యాడ్‌కు కొత్త కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇవాన్ సదర్లాండ్ 1963లో తన పరిశోధనగా సమర్పించిన స్కెచ్‌ప్యాడ్‌లోనే ఈ పద్ధతి ఉండెను. మూలచిత్రమును సవరించినచో దాని ప్రతులన్నియు తమంతట తామే మారెడివి.

రెండవ ఉపాయము క్రమమునకు సంబంధించినది. రేకును ముందు చిల్లులు లేకుండ పూర్తిగా తయారుచేసి, అంచులు, మడతలు, బిగింపు రంధ్రములు అన్నియు చూచుకొని, చిల్లుల ఆవృత్తిని చిట్టచివర ఉంచవలెను. అప్పుడు దానిని కావలసినప్పుడు తెరచి, అక్కరలేనప్పుడు అణచి ఉంచవచ్చును. ఒకే రేకునకు చిల్లులున్న రూపము, చిల్లులు లేని రూపము రెండును సిద్ధముగా నుండును.

ప్రశ్నను బట్టి చిత్రము

అసలు చిల్లులు గీయవలెనా? ఈ ప్రశ్నను ముందుగా వేసికొనువాడే నేర్పరి. చూపు కొరకే అయినచో చదునైన రేకుపై చిల్లుల బొమ్మను రంగుకాగితము వలె అతికించిన చాలును. పంచింగు యంత్రమునకైనచో చిల్లు వ్యాసము, పిచ్, అమరిక, అంచున విడువవలసిన ఖాళీ చెప్పిన చాలును. వెనుకటి డ్రాఫ్ట్స్‌మెన్ రేకు మూలలో నాలుగు చిల్లులు గీసి, తక్కినవి ఇట్లే అని వ్రాయుట సోమరితనము వలన గాదు.

బరువు కావలెనన్నను చిల్లులు అక్కరలేదు. ఒక చిల్లు వైశాల్యము 7.07 చదరపు మిల్లీమీటర్లు. దాని వంతు రేకు 21.65. అనగా నూటికి 32.65 వంతులు ఖాళీ, 67.35 వంతులు లోహము. 1 మిల్లీమీటరు మందము గల నిండు ఉక్కు రేకు ఈ కొలతలో 7.85 కిలోగ్రాములుండును, చిల్లుల రేకు సుమారు 5.29 కిలోగ్రాములుండును. నిండు రేకునే ఉంచి, దాని సాంద్రతను ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములకు బదులు 5.29గా ఇచ్చినచో బరువు సరిపోవును.

మోసపోవు చోటు

ఇచ్చటనే జాగ్రత్త వలయును. లోహము 67 వంతులున్నది గనుక బలమును 67 వంతులే యుండునని అనుకొనుట గొప్ప పొరపాటు. రేకును చిల్లుల వరుసకు లంబముగా లాగినచో అది తెగునది ఆ వరుస వెంబడినే. అచ్చట ప్రతి 5 మిల్లీమీటర్లలో 3 ఖాళీ, 2 మాత్రమే లోహము. అనగా 100కి 40 వంతులే. ఆ సన్నని వంతెనలపై సగటు ప్రతిబలము నిండు రేకులోని దానికి రెండున్నర రెట్లగును. పైగా చిల్లు అంచున ప్రతిబలము సగటును మించి పోగుపడును. విశాలమైన పలకలో ఒంటరి గుండ్రని చిల్లు ఉన్నచో దాని అంచున ప్రతిబలము మూడు రెట్లగునని జర్మనీకి చెందిన కిర్ష్ 1898లోనే గణితముతో చూపెను. బరువు కొరకు వాడిన నమూనాను బలము కొరకు వాడినచో రేకు కంప్యూటరులో నిలుచును, మిల్లులో చిరుగును.

అట్లని 46 వేల చిల్లులనును గీయనక్కరలేదు. చిల్లుల పలకకు బదులు, అంతే వంగునట్టి ఒక నిండు పలకను ఊహించి, దానికి తగ్గించిన స్థితిస్థాపక గుణకములను ఇచ్చెదరు. ఓడానెల్, లాంగర్ అను ఇంజనీర్లు 1962లో ప్రకటించిన వ్యాసము ఈ మార్గమున పేరు గాంచినది. ముందు నిండు పలకతో మొత్తము వంపును కనుగొని, పిమ్మట మిక్కిలి శ్రమపడు చోట నాలుగైదు చిల్లులను మాత్రము యథాతథముగా గీసి పరీక్షింతురు. మడతల ప్రక్కను, బిగింపు మరల వద్దను, అంచున సగము తెగిన చిల్లుల వద్దను నిజమైన చిల్లులనే గీయవలెను.

తరగతిలో ఒక లెక్క

ఇదే కొలతలతో చిల్లులను చదరముగా అమర్చినచో ఏమగునో విద్యార్థులు లెక్కింపవచ్చును. ఒక్కొక్క చిల్లు వంతు 25 చదరపు మిల్లీమీటర్లు, చిల్లులు 40,000, ఖాళీ 28.27 వంతులు. చిల్లు మారలేదు, పిచ్ మారలేదు. అమరిక మారినందుననే 6 వేల చిల్లులు తగ్గినవి. జల్లెడ రేకులకు సందు చుక్కల అమరికను ఎక్కువగా ఎన్నుకొనుటకు ఇది ఒక కారణము.

నమూనా అనగా వస్తువునకు నకలు కాదు. ఒక ప్రశ్నకు సమాధానమిచ్చు సాధనము. ఏమి గీయవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఏమి విడిచిపెట్టవచ్చునో, ఏ ప్రశ్నకు విడిచిపెట్టరాదో తెలియుట అంత ముఖ్యము. ఆ వివేకము యంత్రములో లేదు. దానిని వాడు మనిషిలో ఉండవలెను.